డిసెంబరు 1 ప్రపంచ ఎయిడ్స్ దినం కార్యక్రమం, లండన్: మన హెచ్‌ఐవీ సమాచార బల్ల ఎక్కడ పెట్టాలి?

హైదరాబాదు, కరపత్రాల బాధ్యురాలు:
కరపత్రం తెలుగు ప్రతి ఈ రాత్రికి పంపుతాను. ‘బాధితుడు’ అన్న మాట తీసేసి ‘హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు’ అని రాశాను. అంతకన్నా ముఖ్యమైన విన్నపం ఒకటి ఉంది. గుమ్మం పక్కన ఎర్ర రిబ్బను బ్యానరు కట్టి బల్ల వేయవద్దు. ఇక్కడి శిబిరాల్లో చూశాను, ఎయిడ్స్ అని రాసిన చోటికి ఎవరూ రారు. తెలిసిన పిన్నిగారు నాలుగడుగుల దూరంలో పులిహోర వడ్డిస్తుంటే ఎలా వస్తారు? బీపీ, షుగరు చూసే చోట కూర్చుంటే మాత్రం, చేతి పట్టీ విప్పుతుండగా మెల్లగా అడుగుతారు. స్వలింగ ప్రేమికులైన మన పిల్లల్లో చాలామంది ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. ముందు వాళ్లను తలచుకుందాం.

లండన్, హాలు ఏర్పాట్లు:
సరే అక్కా, బీపీ బల్లతో కలిపేస్తాం. వెనక గది కూడా ఉంది. కుటుంబాలు వచ్చే చోట కండోములేమిటని పెద్దలు ఇద్దరు అభ్యంతరం చెప్పారు.

హైదరాబాదు:
కండోములు గదిలో ఉంచు తమ్ముడూ, పెద్దలతో నేను మాట్లాడతాను. మొదటి పుటలోని 72 గంటల మాటను మాత్రం తీయనివ్వను. శనివారం రాత్రి ఏదైనా జరిగితే మంగళవారం రాత్రికి గడువు తీరిపోతుంది. హెచ్‌ఐవీ సోకే ప్రమాదం ఎదురయ్యాక అది అంటుకోకుండా వాడే పెప్ మాత్రలు ఆలోపే మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది, 28 రోజులు వాడాలి. మొహమాటంతో ఆ మూడు రోజులూ పోగొట్టుకున్న పిల్లవాడి పక్కన కూర్చున్నాను, అందుకే ఇంత పట్టుబడుతున్నాను.

లండన్, నర్సు:
విద్యార్థులు నన్ను మొదట అడిగేది వీసా గురించే. ఇంగ్లండులో 2012 అక్టోబరు నుంచి ఏ వీసా ఉన్నవారికైనా హెచ్‌ఐవీ చికిత్స ఉచితం. లైంగిక ఆరోగ్య క్లినిక్కులో పరీక్షలకు డబ్బు కట్టనక్కరలేదు. ఇది రెండో పుటలో రావాలి. మందులతో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి అలాగే నిలిస్తే, లైంగికంగా ఇతరులకు సోకదన్న మాటా చేర్చండి.

హైదరాబాదు:
రెండూ చేరుస్తాను. సెలవులకు ఊరికి వచ్చేవారి కోసం జాతీయ ఎయిడ్స్ సహాయవాణి 1097, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల వివరాలు వేస్తున్నాను. పాత జాబితాలను నమ్మవద్దు. నారాయణగూడలో ట్రాన్స్‌జెండర్ల కోసం 2021లో తెరిచిన మిత్ర్ క్లినిక్, అమెరికా నిధులు ఆగిపోయి 2025 ఆరంభంలో మూతపడింది, తరవాత అదే ఏడాది సబ్‌రంగ్ అనే కొత్త పేరుతో మళ్లీ తెరుచుకుంది. పాత పేరు పట్టుకుని ఎవరూ వెతుక్కునేలా చేయకూడదు. ఇక్కడి నంబర్లన్నిటికీ గురువారం నేనే ఫోను చేస్తాను, అక్కడివి నర్సుగారు చూడగలరా?

లండన్, నర్సు:
చూస్తాను. శుక్రవారం అచ్చుకు ఇద్దాం.