షాకులు (షాక్ అబ్జార్బర్లు) మార్చాక సస్పెన్షన్ లైటు ఆరట్లేదు, ఎవరికైనా ఇట్లా అయిందా?

నకిరేకల్‌వాడు:
2014 జర్మన్ ఎస్‌యూవీ, సెకండ్స్‌లో కొన్నాను. వెనక షాకులు రెండూ ఆయిల్ కారుతుంటే, కంపెనీవాటి ధర విని కళ్లు తిరిగి మామూలువి వేయించాను. బండి బాగానే పోతోంది, కానీ స్టార్ట్ చేసిన నిమిషానికే పసుపు లైటు. ఎల్లుండి ఇంట్లోవాళ్లతో సాగర్ పోవాలి. పోవచ్చా?

మిర్యాలగూడ మిల్లు:
పాత షాకుకు వైర్ల ప్లగ్గు ఉండేదా? ఉంటే అది ఎలక్ట్రానిక్ షాకు. లోపలి వాల్వుకు కంప్యూటర్ కరెంటు పంపి గట్టిగానో మెత్తగానో చేస్తుంది. నువ్వు ప్లగ్గు గాల్లో వదిలేస్తే అది లైటు వేయక ఏం చేస్తుంది?

పాలమూరు 22 ఏళ్లు:
ఇంత కథ ఎందుకు? 22 ఏళ్ల నుంచి ఇదే నా పని. ప్లగ్గులో 10 ఓమ్స్ రెసిస్టర్ గుచ్చి టేపు చుట్టండి, షాకు ఉందనుకుని కంప్యూటర్ ఊరుకుంటుంది.

మిర్యాలగూడ మిల్లు:
12 వోల్టులకు 10 ఓమ్స్ అంటే 14 వాట్ల పైనే సార్. పావు వాటు రెసిస్టర్ ఎంతసేపు ఆగుతుంది?

పాలమూరు 22 ఏళ్లు:
నాకు లెక్కలు నేర్పొద్దు. కంప్యూటర్ కరెంటు ఆపి ఆపి ఇస్తుంది, పూర్తిగా ఇవ్వదు.

జడ్చర్ల జంక్షన్:
ఆపి ఆపి ఇచ్చినా నాది కాలింది. షాద్‌నగర్ దాటాక డిక్కీలోంచి వాసన. కార్పెట్ ఎత్తితే టేపు కరిగి నల్లటి జిగురులా వైర్లకు అతుక్కుంది. పెట్టింది కూడా మీలాగే ఏళ్లు లెక్క చెప్పిన మనిషే.

పాలమూరు 22 ఏళ్లు:
నేను పెట్టానా? మాట జాగ్రత్త.

దేవరకొండ దారి:
మీరు కొట్టుకోండి. నా పాత ఆల్టోకు ఆ లైటే లేదు, హాయిగా ఉన్నాను. హాలియా వైపు స్పీడ్ బ్రేకర్లకు మాత్రం నడుమే షాకు.

సెకండ్స్ బేరం:
బల్బు పీకేసి అమ్మేయ్ అన్నా.

జడ్చర్ల జంక్షన్:
నన్ను ముంచింది ఇట్లాంటివాళ్లే. కొనేవాళ్లు గుర్తుపెట్టుకోండి, తాళం తిప్పగానే వార్నింగ్ లైట్లు ఒకసారి వెలిగి ఆరాలి. ఒకటి అసలే వెలగకపోతే బేరం వదిలేయండి.

చిట్యాల చౌరస్తా:
నాకు ప్లగ్గు గొడవ కాదు. బండి ఎత్తు చూసే హైట్ సెన్సర్‌కు చిటికెన వేలంత కడ్డీ ఉంటుంది. షాకు విప్పేటప్పుడు దాని గుండు ఊడితే, మెకానిక్ బైండింగ్ వైరుతో కట్టి పంపాడు! కొత్త కడ్డీ వేసి హైట్ కాలిబ్రేషన్ (సెన్సర్‌కు ఎత్తు మళ్లీ సరిగ్గా నేర్పడం) చేయించాకే లైటు పోయింది. నా చవక స్కానర్ ఇంజిన్ కోడ్‌లే చదివింది, సస్పెన్షన్‌లాంటి వాటికి వచ్చే, 'సి'తో మొదలయ్యే కోడ్‌లు చూపలేదు.

నకిరేకల్‌వాడు:
ఇప్పుడే బండి కింద దూరి చూశాను. కడ్డీలు బాగానే ఉన్నాయి. ప్లగ్గులు రెండూ జిప్ టైతో పక్కకు కట్టేసి ఉన్నాయి.

మిర్యాలగూడ మిల్లు:
నేను మొదట్లోనే అన్నాను. ఎలక్ట్రానిక్ షాకు ఉన్నట్టే కంప్యూటర్‌కు చూపే సిమ్యులేటర్ మాడ్యూల్, ఆ మోడల్‌కే చేసింది పెట్టించు, లేదా కంప్యూటర్ కోడింగ్‌లో ఆ షాకులను తీసేయడం కుదురుతుందేమో అడుగు. ఇంకోటి, ముందువి ఎలక్ట్రానిక్‌వే కదా? ఫాల్ట్ ఉన్నంతకాలం అవి కూడా ఒకే గట్టితనంలో ఉండిపోవచ్చు.

దేవరకొండ దారి:
పాత షాకులు అమ్ముతావా అన్నా? మా బావమరిదికి కావాలంట.

నకిరేకల్‌వాడు:
ఆయిల్ కారుతున్నాయన్నాను కదా! ఇంతకీ ఎల్లుండి సాగర్ పోవచ్చా, లేదా?

పాలమూరు 22 ఏళ్లు:
10 ఓమ్స్.