హెచ్‌ఐవీ ఉన్న మగవాళ్లకు అనోస్కోపీ (మలద్వారం లోపల చిన్న గొట్టం పెట్టి చూసే పరీక్ష) చేసే డాక్టర్ ఎవరైనా తెలుసా?

నాకు 42 ఏళ్లు, ఉండేది విజయవాడ. చాలాకాలంగా హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు వాడుతున్నాను. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) కంట్రోల్‌లోనే ఉంది. మొలలేమో అనుకుని సర్జన్‌కి చూపిస్తే, మలద్వారం దగ్గర పులిపిరి లాంటిది తీసి బయాప్సీకి పంపారు. రిపోర్టులో 'హై గ్రేడ్ స్క్వామస్ ఇంట్రాఎపిథీలియల్ లీజన్' అని, కింద 'పీ16 పాజిటివ్' అని ఉంది. అంటే హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల అక్కడి కణాలు బాగా మారిపోయాయి. క్యాన్సర్ కాదు, పట్టించుకోకపోతే కావచ్చు.

"తీసేశాం కదా, ఇంకేం భయం లేదు" అన్నారు సర్జన్. నాకు మాత్రం టెన్షన్ తగ్గలేదు. 35 ఏళ్లు, ఆపైన ఉన్న హెచ్‌ఐవీ పేషెంట్ల మీద అమెరికాలో చేసిన యాంకర్ అధ్యయనం 2022లో వచ్చింది. ఇలాంటి మచ్చలకు చికిత్స చేస్తే, ఊరికే గమనిస్తూ ఉన్నవాళ్ల కంటే మలద్వార క్యాన్సర్ 57 శాతం తగ్గిందట. మామూలుగా చూస్తే ఇవన్నీ కనపడవు. ఎసిటిక్ ఆసిడ్ పూసి, తెల్లబడిన చోటల్లా కాల్పోస్కోప్ అనే, పెద్దదిగా చూపించే పరికరంతో వెతకాలి. ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వారం దగ్గర చేస్తారే, అలాంటిదే.

హైదరాబాద్‌లో గానీ, చెన్నై, ముంబైలో గానీ ఈ హై రెజల్యూషన్ అనోస్కోపీ చేసేవాళ్లు ఉన్నారా? చేయించుకున్నవాళ్లుంటే, ఆ మచ్చల్ని కాల్చేశాక నొప్పి ఎన్నాళ్లుంది? మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు? ఈ వయసులో హెచ్‌పీవీ టీకా వేయించుకోమని మీ డాక్టర్ చెప్పారా?

ఇంకొకటి. మగవాళ్లతో సంబంధం ఉందని చెప్పగానే మొహం మార్చుకోని డాక్టర్ అయితే చాలు, ఎంత దూరమైనా వస్తాను.