చర్చ: ఎక్కువ గంటలు పనిచేస్తేనే కంపెనీ ఎదుగుతుందా? హైదరాబాద్ పారిశ్రామికవేత్తల దారి మనకి ఏం చెబుతోంది?

నిజాంపేట్ వాసి (చర్చ మొదలుపెట్టినవారు)

కంపెనీలు పెట్టి పైకొచ్చినవాళ్ళంతా రాత్రీ పగలూ పనిచేశారు, మీరూ అలా చేస్తేనే ఎదుగుతారు. ఈ మధ్య మా ఆఫీసులో ఏ మీటింగ్ జరిగినా ఇదే మాట. 2023 అక్టోబర్‌లో నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ 90 గంటలన్న వీడియో బయటికొచ్చింది. అదే ఏడాది జులైలో తెలంగాణ ప్రభుత్వం, దుకాణాలు మినహా వాణిజ్య సంస్థల్లో రోజుకి 10 గంటల దాకా పని పెట్టుకోవచ్చని జీవో ఇచ్చింది. వారానికి 48 గంటలు దాటితే ఓటీ (ఓవర్‌టైమ్) కట్టాలి.

మన ఊరి కంపెనీల చరిత్ర చూస్తే నాకు వేరేలా అనిపిస్తుంది. ఇక్కడ వ్యాపారాలు పెరిగింది పని నేర్పే చోటు ఒకటి ఉండబట్టి, నేర్చుకున్నవాళ్ళు బయటికెళ్ళి సొంతంగా పెట్టుకోగలిగారు కాబట్టి. బాలానగర్ ఐడీపీఎల్ కేంద్ర ప్రభుత్వం పెట్టిన మందుల తయారీ సంస్థ. అంజిరెడ్డి గారు అక్కడ పనిచేసి బయటికొచ్చినవారే. ఒకటి రెండు కంపెనీల తర్వాత 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. దివి మురళి గారు ఆయనతో కలిసి కెమినార్ అనే మందుల కంపెనీలో పనిచేసి, 1990లో దివీస్ మొదలుపెట్టారు. ఒకరి దగ్గర నేర్చుకున్న పని ఇంకొకరి కంపెనీ అయింది. వాళ్ళ ఉపన్యాసాల్లోంచి మనం గంటలు ఏరుకుంటున్నాం, ఈ గొలుసుని వదిలేస్తున్నాం. మీరేమంటారు?

జీడిమెట్ల యూనిట్

అన్నా, ఐడీపీఎల్‌ల వేలమంది పనిచేసిన్రు. అందుల కంపెనీలు పెట్టింది ఎంతమంది? మిగిలినోళ్ళకంటే ఎక్కువ కష్టపడ్డరు గనకనే పెట్టిన్రు.

నాది చిన్న మెషినింగ్ షాపు. ఫార్మా మిషన్లకు పార్టులు చేస్తం. డ్రాయింగ్ శుక్రవారం వస్తది, మాల్ మంగళవారం కావాలంటరు. సాయంత్రం టైమ్‌కు షట్టర్ దించితే ఆ ఆర్డర్ రాజ్‌కోట్ పోతది. చిన్న యూనిట్లకు 45 రోజులల్ల పైసలు కట్టాలని ఎంఎస్ఎంఈ చట్టంల ఉన్నది. నాకు వచ్చేది నాలుగు నెలలకు. బ్యాంకు ఈఎంఐ మాత్రం ఐదో తారీఖు దాటదు. ఓటీ ఇచ్చే చేయిస్తున్న, ఊరికే చేయించుకుంటలేను. గంటలతోని పనిలేదని చెప్పుడు అల్కనే, ఆర్డర్ పోతే పదిమంది ఇండ్లల్ల జీతం ఆగుతది.

బొల్లారం కెమిస్ట్

నేను ప్రాసెస్ కెమిస్ట్‌గా చేసి రిటైరయ్యాను. మీరిద్దరూ వదిలేసిన విషయం ఒకటుంది. 1970 పేటెంట్ చట్టం మందుకి కాకుండా, దాన్ని తయారుచేసే పద్ధతికే పేటెంట్ ఇచ్చింది. అదే మాలిక్యూల్‌ని వేరే దారిలో చేయగలిగితే నిక్షేపంగా అమ్ముకోవచ్చు. 2005లో ఆ వెసులుబాటు పోయింది. ఆ మధ్య కాలంలోనే హైదరాబాద్ బల్క్ డ్రగ్స్‌కి, అంటే మందుల్లో వాడే అసలు ముడిసరుక్కి, పెట్టింది పేరయింది. చట్టం తలుపు తీసింది, ఐడీపీఎల్‌లో తయారైన మనుషులు సిద్ధంగా ఉన్నారు. గంటలు ఆ తర్వాతి మాట.

అసలు వేరే దారి కనిపెట్టడం ఎలాంటి పనో చెప్తాను. ఈల్డ్ (చివరికి చేతికొచ్చే సరుకు) ఎందుకు పడిపోయింది, ఏ స్టెప్‌లో ఇంప్యూరిటీ పుడుతోంది, సాల్వెంట్ ఎంత వెనక్కొస్తోంది. వారాల తరబడి ఇవే బుర్రలో తిరుగుతాయి. నాకు జవాబు తట్టినవన్నీ నిద్ర సరిపోయిన రోజుల్లోనే. డబుల్ షిఫ్ట్ చేసిన రాత్రి లాగ్‌బుక్ నింపడమే గగనం.

ఇంకోటి, ఇది నాకు చాలా ముఖ్యం. 2025 జూన్ 30న పాశమైలారంలో ఫార్మా యూనిట్ పేలి 40 మందికి పైగా పోయారు. ఆ ప్రమాదానికి పనిగంటలే కారణమని నేననను. కానీ రియాక్టర్ దగ్గర, డ్రయర్ దగ్గర నిలబడే మనిషి పదకొండో గంటలో టెంపరేచర్ గేజ్ ఎలా చూస్తాడో నాకు తెలుసు. మన ప్లాంట్లలో ఆ మనిషి ఎక్కువగా ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చిన కాంట్రాక్ట్ కుర్రాడు. 70 గంటలు, 90 గంటలు అని చర్చ చేసేటప్పుడు అతను మన లెక్కలో ఉండాలి.

ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్

పది గంటలు అంటున్నారు సరే, ప్రయాణం ఎవరి ఖాతాలో వేస్తారు? నేను ఈసీఐఎల్ నుంచి నానక్‌రామ్‌గూడ వెళ్తాను. మెట్రో రాయదుర్గంతో ఆగిపోతుంది, అక్కడినుంచి షేర్ ఆటో. రానూపోనూ మూడు గంటలు. వాన పడితే బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గరే గంట. దీనికి పది గంటల లాగిన్ కలిపితే నా బాబు లేచి ఉండగా ఇంట్లో ఉండే రోజే ఉండదు. అత్తయ్య ఉంది కాబట్టి నెట్టుకొస్తున్నాను. మా టీమ్‌లో ఇద్దరు అక్కలు వారానికి ఐదు రోజులు ఆఫీసు తప్పనిసరి చేయగానే మానేశారు. ఇద్దరూ పదేళ్ళ పైబడిన అనుభవం ఉన్నవాళ్ళు, మాకు పని నేర్పింది వాళ్ళే. ఇప్పుడు కొత్తవాళ్ళకి చెప్పేవాళ్ళు లేరు. నిజాంపేట్ గారు చెప్పిన గొలుసు మా దగ్గర తెగింది ఇక్కడే.

టీహబ్ పక్కన

స్టార్టప్ నడుపుతున్నాను, కాబట్టి గంటల వైపు కొంచెం మాట్లాడతాను. మొదటి రెండేళ్ళు వారానికి 80 గంటలు చేయకపోతే కంపెనీ బతకదు, ఇది నిజం. కానీ ఆ 80 గంటలు నావి. కంపెనీలో వాటా నాది. నెల జీతానికి వచ్చిన అమ్మాయిని అదే అడగడానికి నాకు నోరు రాదు. ఈసాప్స్ (కంపెనీ షేర్లు) ఇచ్చినవాళ్ళని అడుగుతాను, వాళ్ళు కూడా కాదనొచ్చు.

నేర్పే చోటు గురించి అన్నది మాత్రం నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటాను. స్కైరూట్ వాళ్ళు 2022 నవంబర్ 18న విక్రమ్-ఎస్ రాకెట్ ఎగరేశారు. స్థాపకులు ఇద్దరూ ఇస్రోలో పనిచేసి వచ్చినవాళ్ళు. శాంతా బయోటెక్నిక్స్ వరప్రసాద్ రెడ్డి గారు ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. 1997లో హెపటైటిస్-బి టీకా తేగలిగారంటే ఉస్మానియా యూనివర్సిటీ, సీసీఎంబీ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ) లాంటి చోట్ల సైన్స్ తెలిసినవాళ్ళు, ల్యాబులు ఉండబట్టే.

సీఏ హిమాయత్‌నగర్

ఎదుగుదల గురించి హైదరాబాద్‌లో మాట్లాడుతూ సత్యం కంప్యూటర్స్ ఊసెత్తకపోతే చర్చ సగమే. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపించిన డబ్బు లేదని, లోటు 7,000 కోట్ల పైమాటేనని అందులో ఉంది. మొదట చిన్నగా ఉన్న తేడా ఏళ్ళ తరబడి పెరుగుతూ పోయిందని, పులి మీద సవారీలా దిగే దారి లేకపోయిందని ఆయనే రాసుకున్నారు. ప్రతి క్వార్టర్ ముందు క్వార్టర్‌కన్నా పెద్దదిగా కనబడాలన్న పట్టుదల అక్కడిదాకా తీసుకెళ్ళింది.

ఆ తర్వాత జరిగింది నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది. ప్రభుత్వం కొత్త బోర్డు వేసింది, ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా కొనుక్కుంది. నమ్మకం పోయిన కంపెనీలో ఏం చూసి కొన్నారు? పని తెలిసిన వేలమంది ఇంజనీర్లని, వాళ్ళని వదలని క్లయింట్లని.

హెచ్ఆర్ కొండాపూర్

నేర్పాలి, నేర్పాలి అంటున్నారు. నా వైపు నుంచి చూడండి. ఆర్నెల్లు ఖర్చుపెట్టి ఒకబ్బాయిని తయారుచేస్తాం. ఏడో నెలలో ఎదురు బిల్డింగ్‌లో కొత్తగా వచ్చిన జీసీసీ (విదేశీ కంపెనీ ఇక్కడ పెట్టుకున్న సొంత ఆఫీసు) ఎక్కువ హైక్ ఇచ్చి తీసుకుపోతుంది. 90 రోజుల నోటీస్ పీరియడ్ పెట్టినా ఆ రోజులకి బదులు కట్టాల్సిన డబ్బు (బయౌట్) వాళ్ళే కట్టేస్తున్నారు. వచ్చే ఏడాది ట్రైనింగ్ బడ్జెట్ కావాలని నేను మేనేజ్‌మెంట్‌ని ఏ ముఖంతో అడగాలి?

నిజాంపేట్ వాసి

దివీస్ కూడా అలా బయటికెళ్ళినవారు పెట్టిందే కదండీ. వెళ్ళిపోయినవాళ్ళ వల్ల ఊరు పెరిగింది.

జీడిమెట్ల యూనిట్

ఊరు పెరిగింది అన్నా, ఒప్పుకుంట. నష్టపోయింది ఎవరు? నేను సీఎన్‌సీ (కంప్యూటర్‌తోని నడిచే మిషన్) ప్రోగ్రామింగ్ నేర్పిన పిలగాడు ఇప్పుడు నా కస్టమర్ దగ్గరనే పనిచేస్తుండు. వాని మీద కోపం లేదు, మంచిగుండాలె. కానీ ఖర్చు నాది, లాభం అందరిది. ఐడీపీఎల్‌కు అది నడిచింది, ఎందుకంటే అది సర్కారు పైసలతోని నేర్పింది. పదిమంది పనోళ్ళున్న నేను ఐడీపీఎల్ ఎట్ల అయిత?

నిజాంపేట్ వాసి

మీరన్నది నేను ఆలోచించాల్సిన ముక్క. చిన్న యూనిట్ ఒంటరిగా మొయ్యలేదు, నిజమే. అందుకే నేర్పే ఖర్చు ఉమ్మడిగా పడాలంటాను. మీకు దగ్గర్లోనే బాలానగర్‌లో సీఐటీడీ అనే కేంద్ర ప్రభుత్వ శిక్షణ సంస్థ 1968 నుంచి టూల్ డిజైన్ నేర్పుతోంది. కేంద్రం అప్రెంటిస్ పథకంలో స్టైపెండ్‌లో పావు వంతు, నెలకి 1,500 దాకా ప్రభుత్వం భరిస్తుంది. అది చాలదు, పెంచమని అడగాలి. జీవో కోసం సర్కారు దగ్గరికి వెళ్ళే పరిశ్రమ సంఘాలు పనిగంటలతో పాటు దీన్ని ఎందుకు అడగవు? తయారైన మనుషుల్ని తీసుకుపోయే జీసీసీలు ఆ ఖర్చులో వాటా ఎందుకు ఇవ్వకూడదు? గంటలు పెంచితే మీకొచ్చేది ఈ వారం ఆర్డర్. వచ్చే ఐదేళ్ళకి ప్రోగ్రామర్ ఎక్కడినుంచి వస్తాడు?

జీడిమెట్ల యూనిట్

ఈ వారం ఆర్డర్ పోతే ఐదేళ్ళ దాక షాపే ఉండదు అన్నా. ఓటీ నేను బంద్ చేయ. కానీ సీఐటీడీ పిలగాండ్లను ఇద్దరిని తీసుకుంట, మా అసోసియేషన్ మీటింగుల స్టైపెండ్ సంగతి లేవదీస్త. బిల్లు పైసలు 45 రోజులల్ల ఇప్పియ్యుమని గూడ మీరు మాతోని కలిసి అడగాలె, అది వస్తే సగం ఓటీ నేనే తగ్గిస్త.

ఈసీఐఎల్ క్రాస్‌రోడ్స్

ఆ ఇద్దరిలో ఒక అమ్మాయిని తీసుకోండన్నా. షిఫ్ట్ ఎప్పుడు అయిపోతుందో చేరేరోజే కాగితం మీద రాసివ్వండి. అది తెలిస్తే ఇంట్లో ఒప్పుకుని పంపిస్తారు.