అప్‌డేట్: కరెంటు పోయినా వైఫై ఆగకుండా ఏం కొన్నానంటే

రెండు నెలల కిందట మిమ్మల్ని అడిగాను: పలాసలో ఇంటి నుంచి పని చేస్తున్నాను, కరెంటు పోగానే వైఫై పోతోంది, పెద్ద ఇన్వర్టర్ కొనాలా, రూటర్‌కి చిన్న యూపీఎస్ (కరెంటు పోగానే లోపలి బ్యాటరీతో నడిపే డబ్బా) సరిపోతుందా అని. చిన్నదే చాలన్నారు చాలామంది. అదే కొన్నాను.

ముందు అడాప్టర్ మీద ఏం రాసుందో చూడమన్న అన్నయ్యకి చాలా థాంక్స్. మాది 12 వోల్టులు, 1 ఆంపియర్. చూడకుండా వెళ్లుంటే 9 వోల్టులది తెచ్చేవాడిని.

కొనబోయేవాళ్లు ఒక్కటి గమనించండి. యూపీఎస్ డబ్బా మీద బ్యాటరీ సామర్థ్యం 8,800 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్-అవర్లు) అని వేస్తారు. అది లోపలి సెల్ 3.7 వోల్టుల దగ్గర లెక్క. గుణిస్తే దాదాపు 32 వాట్-అవర్లు, అంటే 32 వాట్ల వస్తువుని ఒక గంట నడిపేంత. దాన్ని 12 వోల్టులకి పెంచడంలో పోయేది పోగా, 10 వాట్లు తీసుకునే రూటర్‌కి మూడు గంటలు కూడా రాదు. షాపులో ఎనిమిది గంటలన్నారు. నాకు రెండున్నర వస్తోంది. అలా చెప్పి అమ్మడం బాధనిపించింది. లాప్‌టాప్‌కి సొంత బ్యాటరీ ఉంది కాబట్టి మీటింగుల టెన్షన్ మాత్రం తీరింది.

ఇన్వర్టర్ ఆలోచన మానలేదు, అది అమ్మ కోసం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. ఆ చీకటి రోజులు ఇంకా మర్చిపోలేదు. ముందుగా అమ్మ గదిలో బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటుతో తిరిగే మోటారు ఉన్నది) పెట్టించాను. మామూలు ఫ్యాన్ 75 వాట్ల దాకా తీసుకుంటే ఇది 30 దగ్గరే ఆగుతుంది. రేపు ఇన్వర్టర్ కొన్నాక అదే బ్యాటరీ మీద రెట్టింపు సేపు తిరుగుతుంది. మొదటి రాత్రే "చప్పుడు లేదు, బాగా నిద్ర పట్టింది" అంది అమ్మ.