పండ్లు కలిపిన పుల్లటి బీరు: పాడైపోయిందా, దాని రుచే అంతా?

ప్రశ్న: వెన్నెలవాగు (ఐండ్‌హోవెన్)

నమస్కారం. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో ఆరేళ్లుగా ఉంటున్నాను. బీరు గురించి నాకు తెలిసింది అంతంత మాత్రమే కాబట్టి, తెలిసినవారిని అడుగుదామని రాస్తున్నాను.

పోయిన నెలలో మేమిద్దరం రైల్లో బ్రస్సెల్స్ వెళ్లి, అండర్లెక్ట్‌లో ఉన్న కాంటియాన్ బ్రూవరీని చూసి వచ్చాం. అక్కడ చెర్రీలతో చేసిన క్రీక్ అనే బీరును చిన్న గ్లాసులో పోసి ఇచ్చారు. దానిమ్మ రసంలాంటి రంగు, ఆ పైన గులాబీ రంగు నురగ. చూడగానే తియ్యగా ఉంటుందనుకొని పెద్ద గుక్కే తాగాను. దవడలు పట్టేసినంత పులుపు! తీపి అన్న మాటే లేదు. మావారు ఒక్క చుక్క నాలుక మీద వేసుకొని, "ఇది ఎప్పుడో పులిసిపోయింది, వదిలెయ్" అన్నారు. పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన మాత్రం గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకొని చాలాసేపు అలాగే కూర్చున్నారు.

ఆ తరవాత రెండు వారాలకు, అమెరికాలోని పోర్ట్‌లాండ్ నుంచి వచ్చిన స్నేహితురాలు జామపండు, పాషన్ ఫ్రూట్ గుజ్జు కలిపిన సోర్ బీరు డబ్బాలు రెండు తెచ్చింది. ఒకటి చల్లచల్లగా ఆ రోజే తాగాం. మామిడి తాండ్రను నీళ్లలో కరిగించినంత చిక్కగా, తియ్యగా, కాస్త పుల్లగా ఉంది, అందరికీ నచ్చింది. రెండోదాన్ని వంటింటి అలమరలో పెట్టి మరిచిపోయాను. పది రోజులకు చూస్తే అడుగు ఉబ్బి ఉంది. మూత లాగగానే సగం బీరు గోడ మీదికి చిమ్మింది.

ఈ రెండింటినీ సోర్ బీరు అనే పిలుస్తారట. అలాంటప్పుడు ఒకదానిలో పండు తీపి ఏమైపోయింది, రెండోదానిలో ఎలా నిలిచింది? పులుపే దాని గుణమైనప్పుడు, పాడైన సోర్ బీరును రుచిలో ఎలా గుర్తుపట్టాలి?

జవాబు: కొయ్యపీపా (లూవెన్)

వెన్నెలవాగు గారూ, మీరు తాగిన క్రీక్ పాడైనది కాదు. ఆ బీరు అంతే. మీకు ఎదురైనది మొదటి గుక్క దెబ్బ. ఈ బీర్లలో మొదటి గుక్కను లెక్కలోకి తీసుకోకూడదని నా అభిప్రాయం, ఎందుకంటే నాలుక అప్పటికింకా ఆ పులుపుకు సిద్ధపడి ఉండదు. మూడో గుక్క దగ్గర గానీ అసలు రుచి తెలియదు.

క్రీక్ అంటే డచ్చి భాషలో పుల్లచెర్రీ అని అర్థం. దానికి ఆధారమైన బీరును లాంబిక్ అంటారు. బ్రస్సెల్స్, దాని నైరుతి దిక్కున ఉన్న పాయోటెన్‌లాండ్ పల్లెల్లో పుట్టిన బీరు ఇది. బార్లీ మాల్టుతో (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీతో) పాటు మూడో వంతుకు అటూ ఇటూగా మొలకెత్తించని గోధుమలు వేసి కాచిన రసాన్ని, మీరు అటక మీద చూసే ఉంటారు, వెడల్పుగా లోతు తక్కువగా ఉండే రాగి తొట్టిలోకి వదిలి, రాత్రంతా గాలికి ఆరనిస్తారు. విడిగా ఈస్టు కలపరు. గాలిలోను, కట్టడంలోను, పాత పీపాల చెక్కలోను ఉన్న సూక్ష్మజీవులే ఆ పని చేసుకుంటాయి. ఎండాకాలంలో గాలిలో చెడ్డ జీవులు ఎక్కువ కాబట్టి, దాదాపు అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకానే కాస్తారు. 1900లో మొదలైన కాంటియాన్‌లో ఇప్పటికీ ఇదే పద్ధతి. 1978 నుంచి అదే కట్టడం మ్యూజియంగా కూడా నడుస్తోంది.

పీపాలో చేరిన తరవాత జరిగేది ఒక వరస ప్రకారం జరుగుతుంది. మామూలు బీరు ఈస్టు కొన్ని నెలల్లో చక్కెరలో చాలా భాగం తినేస్తుంది. వేడి పెరిగాక పెడియోకాకస్ అనే బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంది. పెరుగుకు పులుపునిచ్చేదీ ఈ ఆమ్లమే. ఆ దశలో ఒక్కోసారి బీరు గుడ్డు తెల్లసొనలా తీగ సాగుతుంది, చూస్తే ఎవరికైనా పారబోయాలనిపిస్తుంది. కానీ పారబోయరు. బ్రెటానోమైసిస్ అనే మరో ఈస్టు నెలల తరబడి ఆ జిగటను విరగ్గొట్టి, ఎండుగడ్డి, పశువుల కొట్టం, పాత తోలు లాంటి వాసనలను వదిలిపెడుతుంది. ఈ ఈస్టును కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో క్లాసెన్ అనే శాస్త్రవేత్త 1904లో ఇంగ్లండు బీర్లను పరిశీలిస్తూ వివరించాడు. అందుకే దాని పేరుకు 'బ్రిటన్ శిలీంధ్రం' అని అర్థం. లాంబిక్‌లో పనిచేసే జాతికి మాత్రం బ్రస్సెల్స్ పేరే దక్కింది.

ఇలా మాగిన లాంబిక్‌లో పుల్లచెర్రీలను గింజలతో సహా వేసి కొన్ని నెలలు ఉంచుతారు. కాంటియాన్ వారు లీటరుకు సుమారు 200 గ్రాముల పండు వేస్తారు. చెర్రీలోని చక్కెరను ఆకలితో ఉన్న ఈస్టు ఒక్క పలుకు మిగల్చకుండా తినేస్తుంది. మీరు అడిగిన తీపి పోయింది అక్కడికే. మిగిలేవి రంగు, వాసన, పండు పులుపు, తొక్కలోని వగరు. మనం పండు రుచి అనుకునేదాంట్లో సగం తీపే కాబట్టి, ఆ సగం లేకపోయేసరికి మోసపోయినట్టు అనిపిస్తుంది. మామిడి ఒరుగును తలుచుకోండి: వాసన మామిడిదే, తీపి ఉండదు, అయినా దాన్ని మామిడి కాదని ఎవరూ అనరు.

ఈసారి తాగేటప్పుడు ఫ్రిజ్‌లోంచి తీసి పావుగంట ఆగండి. 10, 12 డిగ్రీల దగ్గర వాసనలు తెరుచుకుంటాయి. నోరు కాస్త ముడుచుకున్న గ్లాసులో సగానికి మించకుండా పోసి, తాగే ముందు వాసన చూడండి. చెర్రీ వెనకాల బాదం పలుకు వాసన ఒకటి దొరుకుతుంది. అది గింజల నుంచి వచ్చే బెంజాల్డిహైడ్. ఆ పెద్దాయన వెతుకుతున్నది దాన్నే అయి ఉంటుంది.

జవాబు: తాటితోపు (కాకినాడ)

నేను ఆహార సూక్ష్మజీవశాస్త్రం చదువుకున్నవాణ్ణి. పై జవాబుతో ఏకీభవిస్తూనే, చెడును గుర్తించడం గురించి కొంత చెప్పాలనుకుంటున్నాను.

మీవారు "పులిసిపోయింది" అన్నారని రాశారు. ఆయన తెలియకుండానే సరైన మాట వాడారు. తెలుగులో పులుపు, పులియడం ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. పిండి పులిసింది అంటే మెచ్చుకోలు, పప్పు పులిసింది అంటే ఫిర్యాదు. ఏది ఎంతవరకు పులియాలో తెలిసిన నాలుకకు సోర్ బీరు అంత పరాయిదేమీ కాదు. మా అమ్మమ్మ తరవాణి కుండ మూత తీసి, వాసన చూసి, ఈ రోజు తాగొచ్చో లేదో చెప్పేసేది. మీరు చేయవలసినదీ అదే.

తాటికల్లుకు, లాంబిక్‌కు పోలిక చాలా దగ్గరది. రెండింటిలోనూ ఎవరూ ఈస్టు వేయరు. తెల్లవారుజామున దించిన కల్లు తియ్యగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ పులుపెక్కుతుంది, ఇంకా ఉంచితే వెనిగర్ దారి పడుతుంది. కల్లు ఒక్క రోజులో నడిచే దారిలో సగం దూరమే లాంబిక్ మూడేళ్లు నడుస్తుంది. కారణం గాలి. ఆల్కహాలును వెనిగర్‌గా మార్చే బ్యాక్టీరియాకు ప్రాణవాయువు కావాలి. కుండ మూతి తెరిచి ఉంటుంది. పీపాను మాత్రం నిండుగా ఉంచి మూసేస్తారు, పైన ఈస్టు కట్టే తెల్లటి పొర కూడా గాలిని కొంత అడ్డుకుంటుంది.

కాబట్టి మొదట చూడవలసింది ఏ పులుపు అన్నది. లాక్టిక్ పులుపు గట్టి మజ్జిగలా నాలుక పక్కలను పట్టి, నోట్లో నీళ్లూరించి, మెల్లగా దిగిపోతుంది. వెనిగర్ పులుపు గొంతులో గుచ్చుకుంటుంది, ముక్కుపుటాలకు ఘాటుగా తగులుతుంది. ఆ ఘాటు ఛాయగా ఉంటే కొందరికి ఇష్టమే, కానీ పండు వాసనను మింగేసే స్థాయిలో ఉంటే అది లోపం. గోళ్ల రంగు తుడిచే ద్రవం వాసన వచ్చినా, పసిపిల్లలు కక్కిన పాల వాసన వచ్చినా సందేహించనక్కర లేదు, పక్కన పెట్టేయండి.

ఇంకొక లోపం తమాషా అయినది. వాసన చూస్తే దొరకదు, తాగుతుంటే దొరకదు. మింగిన కొన్ని క్షణాలకు నోట్లో ఎలుకల బోను కంపు లాంటిది తేలుతుంది. బీరు పులుపులో ఆ పదార్థం ఆవిరి కాదు; లాలాజలం కలిసి పులుపు విరిగాకే పైకి లేస్తుంది. అది కొందరి ముక్కుకు అసలు అందదు. అందుకే ఒకే సీసాను ఒకరు మెచ్చుకుంటారు, ఒకరు ఊసేస్తారు.

జవాబు: మాల్టుమూట (విస్కాన్సిన్)

డబ్బా సంగతి నేను చెబుతాను. ఇంట్లో చిన్న పాత్రల్లో బీరు కాచుకునే అలవాటు నాకుంది.

మీరు తాగిన జామ బీరు చాలావరకు కెటిల్ సోర్ పద్ధతిలో చేసినదై ఉంటుంది. మాల్టు రసాన్ని కాచి, 35 నుంచి 45 డిగ్రీల మధ్యకు చల్లార్చి, లాక్టోబాసిల్లస్ వేసి ఒకటి రెండు రోజులు ఉంచితే, మనం పాలు తోడు పెట్టినట్టే పులుపెక్కుతుంది. తగినంత పులిసిందనిపించగానే మళ్లీ మరిగించి ఆ బ్యాక్టీరియాను చంపేస్తారు. తరవాత మామూలు ఈస్టు. బీరుకు చేదునిచ్చే హాప్స్ పూలు ఈ బ్యాక్టీరియాను ఎదగనివ్వవు కాబట్టి వాటిని ముందుగా వేయరు. ఏళ్లు పట్టే పులుపు ఇక్కడ రోజుల్లో తయారవుతుంది, కాకపోతే ఒకే గీత మీద సాగే పులుపు అది, లాంబిక్‌లో ఉండే మలుపులు ఉండవు.

ఈస్టు పని ముగిశాక పండ్ల గుజ్జు దండిగా కలిపి, చల్లగా ఉంచి డబ్బాల్లో నింపుతారు. అంటే గుజ్జులోని చక్కెర తినకుండా మిగిలే ఉంటుంది. మీరు మెచ్చుకున్న తీపి అదే. ఈస్టు కూడా చావదు, చలికి ముడుచుకొని ఉంటుంది. పాశ్చరైజ్ చేయని అలాంటి డబ్బా వంటింటి వెచ్చదనంలో పది రోజులుంటే ఈస్టు లేచి చక్కెర తిని గ్యాసు వదులుతుంది. అడుగు ఉబ్బినదాన్ని తెరవడమే ప్రమాదం. గోడతో పోయింది కాబట్టి సరిపోయింది. ఇకమీదట ఉబ్బిన డబ్బా కనిపిస్తే గుడ్డ కప్పి, ముఖానికి దూరంగా పట్టుకొని బయట పారేయండి. చిక్కదనం కోసం కొన్నిటిలో లాక్టోజ్ అనే పాల చక్కెర కూడా కలుపుతారు. పాలు పడనివారు డబ్బా మీది అక్షరాలు చదువుకోవడం మంచిది.

అయితే కొయ్యపీపా గారి మాటల్లో తీపి ఉన్నది తక్కువ రకం అనే ధ్వని నాకు వినిపించింది. దాంతో ఏకీభవించలేను. మా రాష్ట్రంలో న్యూ గ్లారస్ బ్రూవరీ వారి బెల్జియన్ రెడ్ అనే చెర్రీ బీరు ఉంది. సీసాకు ఒక పౌండుకు పైగా డోర్ కౌంటీ మోంట్‌మోరెన్సీ రకం చెర్రీలు పడతాయని వారే చెబుతారు, విస్కాన్సిన్ దాటి అమ్మరు. తీపి బాగానే ఉంటుంది, పులుపు దాన్ని విసుగు పుట్టనివ్వదు. తీపి ఉందా లేదా అన్నది కాదు, తీపికి పులుపు ఎదురు నిలుస్తోందా లేదా అన్నది చూడాలి.

జవాబు: కొయ్యపీపా

ఆ ధ్వని వచ్చిన మాట నిజమే, ఒప్పుకుంటున్నాను. బెల్జియంలోనూ తియ్యటి క్రీక్ ఇంటింటా తాగుతారు. లిండెమాన్స్ వారి క్రీక్‌లో మద్యం 3.5 శాతమే, అత్తగారికీ నచ్చుతుంది. నాకున్న అభ్యంతరం తీపి మీద కాదు, సీసా చూసి ఏది ఏదో తెలియకపోవడం మీద. సీసా మీద 'ఔదె క్రీక్' అని ఉంటే అది సంప్రదాయ పద్ధతిలో చేసినదని, తీపి కలపలేదని అర్థం. ఆ పేరును యూరోపియన్ యూనియన్ నమోదు చేసి కాపాడుతోంది. వట్టి 'క్రీక్' అని ఉంటే మాత్రం వెనక వైపు తిప్పి చదవవలసిందే. కాంటియాన్ లాంటి కొందరు ఆ మాట రాయకుండానే పాత పద్ధతిలో చేస్తారు కాబట్టి, ఈ సూత్రానికీ మినహాయింపు ఉంది.

వెన్నెలవాగు

అందరికీ కృతజ్ఞతలు. శనివారం నాడు ఒక ఔదె క్రీక్ సీసా, ఒక తియ్యటి క్రీక్ సీసా తెచ్చి, పక్కపక్కన పోసుకొని చూశాం. మూడో గుక్క సూత్రాన్ని మావారి చేత కూడా పాటింపజేశాను.

ఔదె క్రీక్‌లో మొదటి గుక్కకు మళ్లీ దవడలు పట్టేశాయి. మూడో గుక్కకు పులుపు వెనక్కి తగ్గి, నేరేడు పండు తిన్నాక నాలుక మీద మిగిలే వగరు లాంటిది ముందుకొచ్చింది. తాటితోపు గారు చెప్పినట్టు గొంతులో గుచ్చుకోలేదు, నోట్లో నీళ్లూరాయి. పశువుల కొట్టం వాసన మావారికే ముందు దొరికింది. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో గడ్డివాము పక్కన ఆడుకున్న సంగతి చెబుతూ గ్లాసు ఖాళీ చేసేశారు. తియ్యటిది మొదట హాయిగా అనిపించింది కానీ, దీని తరవాత తాగితే దగ్గు మందులా తోచింది. మాల్టుమూట గారు మన్నించాలి. వరస తిప్పి, దాన్నే ముందు తాగి ఉంటే ఈ మాట అనేదాన్ని కాదేమో.

బాదం వాసన మాత్రం ఎంత వెతికినా నాకు దొరకలేదు. మర్నాడు పొద్దున గ్లాసులు కడగబోతూ, అడుగున ఎండిన ఎర్రటి చారను ఊరికే వాసన చూశాను. అక్కడ ఉంది.