మీల్ మేకర్ బఠాణీ కూరలో పచ్చి వాసన పోవడం లేదు, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

మహదేవపుర_కోడలు:
అందరికీ నమస్కారం. మాది కడప, ఆరేళ్లుగా బెంగళూరులో మహదేవపుర వైపు ఉంటున్నాం. పోయిన నెల మామగారు మా దగ్గరికి వచ్చారు, 71 ఏళ్లు. బాగా నీరసపడిపోయారు. డాక్టరు చూసి, తిండిలో ప్రొటీన్ చాలడం లేదు, పెంచండి అన్నారు. మా ఇంట్లోకి గుడ్డు కూడా రాదు. రెండు పూటలా పప్పు పెడితే కడుపు ఉబ్బరం అంటున్నారు, పాలు పడవు, పెరుగు మాత్రం తింటారు. అందుకని మీల్ మేకర్, బఠాణీ కలిపి కూర చేద్దామనుకున్నాను.

మూడుసార్లు చేశాను, మూడుసార్లూ కుదరలేదు. వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, వార్చేసి, ఉల్లిపాయ టమాటా మసాలాలో వేసి, నీళ్లు పోసి కుక్కర్లో మూడు విజిల్స్ రానిచ్చాను. బఠాణీలు ఎండువి, రాత్రంతా నానబెట్టి అందులోనే వేశాను. గ్రేవీ బాగానే వచ్చింది కానీ మీల్ మేకర్ కొరికితే లోపల చప్పటి నీళ్లు, అదోరకం పచ్చి వాసన. బఠాణీలు పైకి ఉడికినట్టే ఉన్నాయి, లోపల పలుకు. మామగారు ఒక్క మాట అనలేదు. గ్రేవీ వరకు అన్నంలో కలుపుకుని తిని, ముక్కలన్నీ కంచం అంచుకు నెట్టి పెట్టారు. ఆయన మెతుకు వదిలే మనిషి కాదు. అది చూసినప్పటి నుంచి మనసు బాగోలేదు. తెలిసినవాళ్లు ఎవరైనా వివరంగా చెప్పండి ప్లీజ్.

జయనగర్_వంటిల్లు:
అమ్మా, నువ్వు ఒక్క పని వదిలేశావు, పిండడం. మీల్ మేకర్ అంటే నూనె తీసేసిన సోయా పిండిని మిషన్లో వేడి మీద ఒత్తి పొంగించి చేసేది కదా, లోపలంతా గుల్లగా ఉంటుంది. ఆ గుల్లలోకి ముందు ఏ నీళ్లు దూరితే అవే కూర్చుంటాయి. నువ్వు చప్పటి నీళ్లతో నింపేసి తర్వాత మసాలాలో వేశావు, ఇంక ఉప్పూ కారం లోపలికి ఎలా పోతాయి? ఆ వాసన కూడా నానబెట్టిన నీళ్లలోకే దిగుతుంది, ఆ నీళ్లు ముక్కలోనే ఉంటే వాసనా అక్కడే ఉంటుంది.

నేను 22 ఏళ్లుగా ఈ ఊళ్లో ఇలాగే చేస్తున్నా. నలుగురికి 100 గ్రాముల మీల్ మేకర్ చాలు, నానితే రెండింతలు దాటుతుంది. నీళ్లు తెర్లుతున్నప్పుడు ఒక స్పూను ఉప్పు వేసి, మీల్ మేకర్ అందులో పోసి స్టవ్ మీదే ఐదు నిమిషాలు ఉడకనివ్వు, తర్వాత ఆపేసి మూత పెట్టి ఇంకో ఐదు నిమిషాలు. ఆ నీళ్లు పారబోసి చన్నీళ్లు పోసి, రెండు అరచేతుల మధ్య పెట్టి గట్టిగా పిండు. నురుగు నురుగుగా వస్తుంది. మళ్లీ చన్నీళ్లు, మళ్లీ పిండడం. నురుగు తగ్గి నీళ్లు తేటగా వచ్చేదాకా, మామూలుగా మూడుసార్లు పడుతుంది. ఆఖరిసారి మాత్రం చుక్క కారకుండా పిండాలి. పిండేటప్పుడు విరిగిపోతాయేమో అని భయపడకు, స్పాంజి లాగా మళ్లీ విచ్చుకుంటాయి.

అప్పుడు ఖాళీగా ఉన్న ఆ గుల్లలో నీకు కావాల్సింది నింపు. మామగారు పెరుగు తింటారన్నావు కాబట్టి నాలుగు స్పూన్ల పుల్లటి పెరుగు, ఉప్పు, కారం, పసుపు, అర స్పూను అల్లం వెల్లుల్లి ముద్ద కలిపి పట్టించి పావుగంట పక్కన పెట్టు. తర్వాత మూకుడులో రెండు స్పూన్ల నూనె వేసి ముక్కల అంచులు ఎర్రబడేదాకా వేయించి తీసెయ్. ఈ వేయించడం మానొద్దు, సగం రుచి దీంట్లోనే ఉంది.

మసాలాకి రెండు పెద్ద ఉల్లిపాయలు సన్నగా తరిగి బాగా ఎర్రగా వేయించు, తొందరపడితే కూర తియ్యగా వస్తుంది. టమాటా ఇక్కడ దొరికే నాటివి తీసుకో, గట్టిగా ఉండే హైబ్రిడ్‌లో పులుపు ఉండదు. టమాటా మగ్గాక ధనియాల పొడి, కారం వేసి, ఒక స్పూను గసగసాలు, ఆరు జీడిపప్పులు, రెండు స్పూన్ల ఎండు కొబ్బరి నూరిన ముద్ద వేసి నూనె పైకి తేలేదాకా కలుపుతూ ఉండు, అడుగంటుతుంది. అప్పుడు వేయించిన ముక్కలు, గ్లాసున్నర వేడినీళ్లు పోసి సన్న మంట మీద పది పన్నెండు నిమిషాలు. కుక్కర్ వద్దమ్మా, మెత్తగా చీకిపోతాయి. దించే ముందు లవంగం, దాల్చినచెక్క, యాలకుల పొడి చిటికెడు, గుప్పెడు కొత్తిమీర. పుదీనా ఉంటే నాలుగాకులు, ఆ కాస్త మిగిలిన వాసన కూడా తెలీదు.

కాడుగోడి_నుంచి:
అక్కా, జయనగర్ ఆంటీ మీల్ మేకర్ సంగతి చెప్పేశారు, నేను బఠాణీల గురించి చెప్తాను, ఎందుకంటే ఈ ఇబ్బంది నేను ఏడాది పడ్డాను. మీ అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లా, ట్యాంకరా? మన వైపు నీళ్లు బాగా చవ్వ నీళ్లు, గిన్నెల మీద తెల్లటి మరకలు పడతాయి చూడండి, అవే. ఆ నీళ్లలో ఉండే కాల్షియం ఎండు గింజలను బిగబట్టేస్తుంది, ఎంత ఉడికించినా లోపల పలుకు పోదు. నానబెట్టడానికీ ఉడికించడానికీ కూడా ఫిల్టర్ నీళ్లే వాడండి.

ఇంకో తప్పు కూడా జరిగింది. ఎండు బఠాణీలను టమాటా మసాలాలో వేసి ఉడికించారు. పులుపు తగిలిందంటే గింజ మెత్తబడదు. ముందు విడిగా ఫిల్టర్ నీళ్లలో, చిటికెడు వంట సోడా వేసి, నాలుగు విజిల్స్ రానిచ్చి, నలిపి చూసి, మెత్తబడ్డాకే కూరలో కలపండి. సోడా ఎక్కువ పడితే సబ్బు రుచి వస్తుంది, నిజంగా చిటికెడే. ఈ ఊరు సముద్రానికి 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, మూత లేని గిన్నెలో ఎండు గింజలు ఉడికించాలంటే ఓపిక చాలదు. బఠాణీకి కుక్కరే మేలు.

పచ్చి బఠాణీ దొరికితే అసలు ఈ బాధ లేదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మడివాళ మార్కెట్లో కాయలు కుప్పలు పోసి అమ్ముతారు, హాప్‌కామ్స్ కూరగాయల దుకాణాల్లో కూడా చూశాను. కాయలుగానే కొని ఇంట్లో ఒలుచుకోండి. కోసిన దగ్గర నుంచి వాటిలో తీపి తగ్గి పిండిగా మారుతూ ఉంటుంది, అందుకే రెండు రోజులు నిలవున్నవి తింటే పిండి తిన్నట్టుంటాయి. ఒలిచి కవర్లలో పెట్టి హసి బటాణి (కన్నడలో పచ్చి బఠాణీ) అని అమ్మేవి మాత్రం చూసి కొనండి, కొన్నిచోట్ల ఎండువే నానబెట్టి అమ్ముతున్నారు, కొందరు రంగు కూడా వేస్తారు. గాజు గ్లాసులో నీళ్లు పోసి కొన్ని గింజలు వేసి అరగంట ఉంచండి, నీళ్లు పచ్చబడితే రంగు వేసినట్టే. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్లు చెప్పే పరీక్షే ఇది. ఫ్రోజెన్ అయితే ఆఖరి ఐదు నిమిషాల్లో వేస్తే చాలు, అవి ముందే కాస్త ఉడికించి గడ్డకట్టించినవి.

వేళచేరి_వంట:
చెన్నై నుంచి రాస్తున్నానండి. పైన చెప్పినవన్నీ సరైనవే, కానీ పెద్దాయన 71 ఏళ్లవారు అంటున్నారు కాబట్టి రెండు మాటలు. పెద్ద సైజు మీల్ మేకర్ వద్దు. వేయిస్తే పైన తోలులాగా సాగుతుంది, పళ్లు గట్టిగా లేనివాళ్లకి నమలడం కష్టం. ఆయన ముక్కలు పక్కన పెట్టింది వాసనకో, నమలలేకో, ఒకసారి నెమ్మదిగా అడిగి చూడండి. మా అమ్మ కూడా ఇలాగే ఏమీ చెప్పకుండా పక్కన పెట్టేది, పై పళ్లు కదులుతున్నాయని మాకు నెల తర్వాత తెలిసింది. చిన్న సైజువి వస్తాయి, లేకపోతే పిండేశాక ఒక్కో ముక్క నాలుగు చేయండి. సోయా రవ్వ కూడా దొరుకుతుంది, అందులో బఠాణీ వేసి ఖీమా లాగా వండితే చపాతీలోకి చాలా బాగుంటుంది, నమిలే పనే ఉండదు.

ప్యాకెట్ తారీఖు కూడా చూడండి. నూనె తీసేసినా అందులో కాస్త మిగులుతుంది, తెరిచి పెట్టి నెలలు గడిస్తే అదే కనరెక్కుతుంది, అప్పుడు ఎన్నిసార్లు పిండినా వాసన పోదు. తెరవగానే గాలి చొరని డబ్బాలో పోసేయాలి.

లెక్క కోసం చెప్తున్నా, పొడి మీల్ మేకర్ 100 గ్రాముల్లో ప్రొటీన్ 52 గ్రాముల దాకా ఉంటుంది, అదే కందిపప్పులో 22 గ్రాముల దగ్గర. నానాక తూచి లెక్క వేయకండి, అందులో ఎక్కువ నీళ్లే. నలుగురు పంచుకుంటే ఆయనకి ఒక పూటకి 13 గ్రాములు వచ్చినట్టు. మొదట్లో వారానికి రెండుసార్లు, కొంచెం కొంచెంగా పెట్టండి, ఇది కూడా కొందరికి ఉబ్బరం చేస్తుంది. ఆయన థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంటే మాత్రకీ దీనికీ కొన్ని గంటలు ఎడం ఉండాలి, సోయా ఆ మందును ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. కిడ్నీ సమస్య ఏమైనా ఉంటే డాక్టర్ని అడగకుండా ప్రొటీన్ పెంచొద్దు.

మహదేవపుర_కోడలు:
అందరికీ చాలా థాంక్స్. మాది ట్యాంకర్ నీళ్లే తమ్ముడూ. ఆంటీ, ఒక్క అనుమానం, మామగారు శనివారం వెల్లుల్లి తినరు, ఆ రోజు చేయాలంటే?

జయనగర్_వంటిల్లు:
వెల్లుల్లి తీసేసి అల్లం కాస్త ఎక్కువ వెయ్యమ్మా, పోపులో సోంపు అర స్పూను, ఇంగువ చిటికెడు. ఉల్లి కూడా వద్దంటే టమాటా, జీడిపప్పు ఎక్కువ పెట్టుకో, గ్రేవీ చిక్కగానే వస్తుంది.

మహదేవపుర_కోడలు:
నిన్న ఆదివారం చేశాను, అందుకే మళ్లీ రాస్తున్నాను. అక్క చెప్పినట్టు ముందు మామగారిని అడిగాను. చాలాసేపు ఏం లేదమ్మా అన్నారు, తర్వాత ఎడమ వైపు దవడ పన్ను నొప్పి అని చెప్పారు. మాకెవరికీ తెలీదు. రేపు పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాం. థైరాయిడ్, కిడ్నీ సమస్యలు ఏమీ లేవు.

చిన్న సైజు మీల్ మేకర్ తెచ్చి మూడుసార్లు పిండాను, మొదటిసారి వచ్చిన నీళ్లు పసుపుగా, నురుగుగా ఉన్నాయి, వాసన కూడా వాటిదే. ఇన్నాళ్లూ అదంతా కూరలో పోశానన్నమాట. పెరుగులో నానబెట్టి వేయించాక ఒక ముక్క నోట్లో వేసుకుంటే ఉప్పూ కారం లోపలిదాకా పట్టింది. బఠాణీలు ఫిల్టర్ నీళ్లలో విడిగా ఉడికించాను, వేలితో నలిపితే వెన్నలా నలిగాయి. మామగారు రెండు చపాతీలతో తిని, ఇంకొంచెం వెయ్యమ్మా అని గిన్నె వైపు చూపించారు. నాకైతే కళ్లలో నీళ్లు తిరిగాయి.

కారం ఒక అర స్పూను తగ్గించాల్సింది. రేపు శనగపిండి బదులు సోయా రవ్వతో వడలు చేయొచ్చా అని మా ఆయన అడుగుతున్నారు, ఎవరైనా చేసి ఉంటే చెప్పండి.

వేళచేరి_వంట:
చేయొచ్చండి, కానీ రవ్వ ఒక్కటే అయితే నూనెలో విడిపోతుంది. నానబెట్టి పిండిన రవ్వ రెండు వంతులు, రెండు గంటలు నానిన పచ్చిశనగపప్పు బరకగా రుబ్బి ఒక వంతు కలపండి. ముందు పన్ను చూపించుకు రండి, ఈలోపు మెత్తగా ఖీమా కూరే పెట్టండి ఆయనకి.