అప్‌డేట్: అమ్మ చేతికి సెలైన్ ఎక్కించిన విషయం, కేస్‌షీట్ వచ్చింది

ఆసుపత్రిలో సెలైన్ సూది పక్కకు జరిగి అమ్మ చెయ్యి వాచి చర్మం నల్లబడింది, ఇది నిర్లక్ష్యం కిందికి వస్తుందా అని పోయిన నెల అడిగాను. రికార్డులు రాతపూర్వకంగా అడగండి, 72 గంటల్లో ఇవ్వాలి అన్నవారికి దండాలు. మూడో రోజే ఇచ్చారు.

లాయరు గారు ముందే చెప్పేశారు: సూది జారినంత మాత్రాన నిర్లక్ష్యం కాదు, ఎంత జాగ్రత్తపడ్డా జరగొచ్చు. డాక్టర్ల నిర్లక్ష్యం తేల్చడానికి 1957లో ఇంగ్లండ్‌లో బోలమ్ అనే కేసులో పెట్టిన కొలతనే మన సుప్రీంకోర్టు 2005లో జాకబ్ మాథ్యూ కేసులో తీసుకుంది. అదే పని చేసే సాధారణ నైపుణ్యం ఉన్నవాళ్లు ఆ స్థితిలో ఏం చేసేవారన్నదే చూస్తారు, గొప్ప నిపుణుడితో పోల్చరు. ఇది మింగుడుపడటానికి నాకు రెండ్రోజులు పట్టింది.

కానీ షీట్‌లో రాత్రి 10:40కి నర్సు రాత ఉంది: "వాపు, నొప్పి అంటున్నారు". దాని కింద రాసింది ఉదయం 6:15కే. ఈ మధ్యలో మా అక్క రెండుసార్లు వెళ్లి పిలిచింది, ఎవరూ రాలేదు. చెప్పాక కూడా చూడకపోవడమే అసలు బాధ్యతా ఉల్లంఘన అన్నారు లాయరు గారు.

వేరే డాక్టరు అభిప్రాయం రాసిస్తానన్నారు. కేసు వేయడానికి రెండేళ్ల గడువు ఉన్నా ఆగడం లేదు, సోమవారం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తున్నాం. అమ్మ చూపుడువేలు ఇంకా మడతపడట్లేదు. జడ అక్కే వేస్తోంది.